గుర్తుమాట నుంచి సంతకం వరకు

పూర్వం రాత్రివేళ కోటకు వచ్చినవానిని కావలివాడు ఆపి గుర్తుమాట అడిగేవాడు. చెప్పినవాడు మనవాడు, చెప్పలేనివాడు పరాయివాడు. ఈ పద్ధతిలో ఒక లోపం ఉన్నది. మాట తెలుసునని నిరూపించాలంటే దానిని బయటికి చెప్పవలె. చెప్పినప్పుడు కావలివాడు వింటాడు, చాటున పొంచి ఉన్నవాడూ వినవచ్చు. మరి రహస్యాన్ని చెప్పకుండానే, అది తనవద్ద ఉన్నదని నిరూపించడం సాధ్యమా? నేడు ఇంటర్నెట్‌లో ఒక సేవను నిర్మించి, దానికి లాగిన్ ద్వారాన్నీ, డబ్బు చెల్లించే డిజిటల్ పర్సునూ అమర్చేవారి ముందున్న ప్రశ్న ఇదే. కంప్యూటర్లకు పాస్‌వర్డులు వచ్చిన పదిహేనేళ్లకు దీనికి సమాధానం దొరికింది. అది సామాన్యుల చేతికి రావడానికి మరి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

గొళ్లెం మరచిన తాళం

అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో 1961లో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలంలో వాడుకొనే ఏర్పాటు చేసింది. యంత్రం ఒకటే అయినా ఎవరి ఫైళ్లు వారివి, ఎవరి గంటలు వారివి. కనుక ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డు ఇచ్చారు.

మరుసటి ఏడే దీనికి కన్నం పడింది. వారానికి తనకిచ్చిన నాలుగు గంటలు చాలక, అలన్ షెర్ అనే పరిశోధకుడు ఒక ఉపాయం పన్నాడు. ఫైలు పేరును రంధ్రాల కార్డుపై పొడిచి ఇస్తే, దానిని అచ్చువేసి ఇచ్చే సౌకర్యం అక్కడ ఉండేది. అతడు పాస్‌వర్డుల ఫైలునే అచ్చు వేయించుకున్నాడు! కొన్నేళ్లకు మరొక చిత్రం జరిగింది. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో ఫైళ్లను సవరిస్తుండగా రెండు ఫైళ్లు తారుమారైనవి. లోనికి ప్రవేశించిన ప్రతివారికీ ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చినవి. తాళం వేసితిని, గొళ్లెం మరచితిని అన్నట్లయింది.

తిరగలి, ఉప్పు

రహస్యాన్ని కావలివాని ఇంట ఉన్నదున్నట్లు దాచడమే అసలు పొరపాటని తేలింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రోజర్ నీధాం 1960వ దశకంలోనే ఒక మార్గం చూపాడు. తిరగలిలో పోసిన గింజలు పిండి అవుతవి. పిండి మళ్లీ గింజలు కాదు. అట్లాగే పాస్‌వర్డును వెనుదిరగని ఒక గణితప్రక్రియలో విసరి, వచ్చిన పిండిని మాత్రమే కంప్యూటరు దాచుకుంటుంది. మీరు మళ్లీ వచ్చి మాట చెప్పినప్పుడు దానినీ విసరి, రెండు పిండులను పోల్చి చూస్తుంది.

అయినా దొంగ ఊరుకోడు. నిఘంటువులోని మాటలన్నిటినీ ముందుగానే విసరి పెట్టుకొని, పిండిని పిండితో సరిచూస్తాడు. రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రకటించిన వ్యాసంలో, తాము పరిశీలించిన 3,289 పాస్‌వర్డులలో 86 శాతం మరీ పొట్టివో, నిఘంటువులో దొరికేవో అని లెక్క తేల్చారు. అందుకే విసరేముందు ప్రతి మాటకూ యాదృచ్ఛికంగా ఎంచిన ఒక సంఖ్యను కలిపారు. దానికి వారు పెట్టిన పేరు ‘ఉప్పు’. దాని వల్ల ఒకే మాటకు 4,096 రకాల పిండి వస్తుంది. దొంగ పని అన్ని రెట్లు పెరుగుతుంది.

వెబ్‌లో మరొక చిక్కు వచ్చింది. వెబ్ సర్వరు ఒక పేజీ ఇచ్చిన వెంటనే అడిగినవారిని మరచిపోతుంది. 1994లో నెట్‌స్కేప్ ఉద్యోగి లూ మోంటుల్లీ ‘కుకీ’ని రూపొందించాడు. గుడిముందు చెప్పులు అప్పగిస్తే ఇచ్చే బిళ్ల వంటిది ఇది. ఒకసారి లాగిన్ అయినవారికి సర్వరు బిళ్ల ఇస్తుంది. తరువాత బిళ్ల చూపితే చాలును. అయితే బిళ్లను కాజేసినవాడు చెప్పులనూ పట్టుకుపోగలడని మరవరాదు.

చెప్పని రహస్యం

అసలు సమాధానం 1976లో వచ్చింది. విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ జంట తాళపుచెవుల భావనను ప్రకటించారు. మరుసటి ఏడు రివెస్ట్, షామిర్, ఏడిల్‌మన్ దానికి ఆచరణయోగ్యమైన రూపం ఇచ్చారు. రెండు పెద్ద ప్రధానసంఖ్యలను గుణించడం సులభం. లబ్ధం నుంచి వాటిని విడదీయడం మహాకష్టం. ఈ కష్టమే ఆ తాళానికి బలం. జంటలో ఒక చెవి యజమాని వద్ద రహస్యంగా ఉంటుంది. రెండవది లోకానికంతటికీ తెలియవచ్చు. రహస్యపు చెవితో చేసిన సంతకాన్ని బహిరంగపు చెవితో ఎవరైనా సరిచూడవచ్చు గాని, ఫోర్జరీ చేయలేరు.

ఇప్పుడు కావలివాడు గుర్తుమాట అడగడు. ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యను ఇచ్చి సంతకం చేయమంటాడు. చాటున విన్నవానికి నిన్నటి సంతకం నేడు పనికిరాదు. కావలివాని ఇల్లు దోచినవానికి బహిరంగపు చెవి తప్ప ఏమీ దొరకదు. ఈ పద్ధతి 2019 మార్చిలో వెబ్‌కు అధికారిక ప్రమాణమైంది. నేటి ‘పాస్‌కీ’లు దీనిపైనే నడుస్తున్నవి.

పర్సులో ఏమున్నది?

బిట్‌కాయిన్ వాలెట్ అనగానే దానిలో డబ్బు ఉంటుందని తోస్తుంది. ఉండదు. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్‌లో డబ్బు లెక్క వేల కంప్యూటర్లు కాపాడే బహిరంగ ఆవర్జాలో ఉంటుంది. పర్సులో ఉండేది రహస్యపు తాళపుచెవి మాత్రమే. ఆ చెవికి ప్రతిరూపంగా 2,048 మాటల పట్టిక నుంచి 12 లేదా 24 మాటలను వరుసగా వ్రాసి దాచుకొనే పద్ధతి 2013లో రూపొందింది.

సంతకం చేయగల పర్సు ఉన్నప్పుడు దానితోనే లాగిన్ కావచ్చును గదా? 2021లో ఇథీరియం వాడకందారుల కోసం ఇట్టి పద్ధతి ప్రతిపాదించారు. ఇక్కడే జాగ్రత్త అవసరం. రాకపోకల పుస్తకంలో సంతకం చేసే కలమూ, ఆస్తి అమ్మకపు దస్తావేజుపై సంతకం చేసే కలమూ ఒకటే! అందుచేత సంతకానికి వచ్చే సందేశంలో ఏ సైటు అడుగుతున్నదో మనిషి చదవగల మాటల్లో ఉండాలనీ, ప్రతిసారీ కొత్త సంఖ్య ఉండాలనీ నియమం పెట్టారు.

మన దేశంలో 2016లో వచ్చిన యు.పి.ఐ. వేరొక తోవ తొక్కింది. డబ్బు బ్యాంకులోనే ఉంటుంది; పిన్‌ను మన ఫోనులోనే నొక్కుతాం; అది దుకాణదారుకు కనిపించదు. ఈ పిన్ డబ్బు పంపడానికే గాని పుచ్చుకోవడానికి కాదు. పుచ్చుకోవడానికి పిన్ నొక్కమన్నవాడు మోసగాడే.

చెవి ఎవరి చేతిలో ఉండాలన్నది మిగిలిన ప్రశ్న. ఇతరుల చేతిలో పెడితే ఏమవుతుందో టోక్యోలోని మౌంట్ గాక్స్ సంస్థ చూపింది. 2014లో అది సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు పోయినవని ప్రకటించి దివాలా తీసింది. తరువాత 2,00,000 దొరికినవి. మన చేతిలోనే ఉంచుకొని, ఆ మాటల కాగితాన్ని పోగొట్టుకుంటే, ఏ న్యాయస్థానమూ ఆ పెట్టెను తెరిపించలేదు. గణితం రహస్యాన్ని చెప్పకుండా నిరూపించే నేర్పును ఇచ్చింది. భద్రపరచే బాధ్యతను మాత్రం మనిషికే వదలింది. కనుక లాగిన్‌నూ పర్సునూ అమర్చేవారు చెవి ఎవరి వద్ద ఉంటుందో, పోతే దిక్కేమిటో వాడకందారుకు మొదటి పేజీలోనే తెలియజెప్పాలి.