టోకెన్ లేనిదే బండి కదలదు

ఈ ఏడు సంచికకి ఏదైనా రాయమని సంఘం వారు అడిగారు. యుద్ధ జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది వున్నారు. అందుకని వేరే సంగతి ఎంచుకున్నాను. నేను ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. చదువు ఇంటర్మీడియట్. ప్రస్తుతం ఖరగ్‌పూర్‌లో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ సెక్యూరిటీ చూస్తున్నాను.

సర్వీసులో వున్నన్నాళ్ళూ ఆకాశం వైపు చూడ్డమే మా పని. పైన ఎగిరేది మనదా, పరాయిదా? అదే మొదటి ప్రశ్న. ఇప్పుడు పైలట్ లేకుండా ఎగిరే డ్రోన్ల విషయంలో ప్రపంచమంతా ఈ ప్రశ్నతోనే కుస్తీ పడుతోంది. దానికి ఇంజనీర్లు వెతుకుతున్న జవాబు మన రైల్వే వాళ్ళకి ఎప్పుడో తెలుసని నా అభిప్రాయం.

ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళు ఎందరున్నారో ఇక్కడికి వచ్చినవారికి చెప్పక్కర్లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో, లైన్ల మీద పనిచేసి ఇక్కడే స్థిరపడ్డారు. మా మామగారు కూడా పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయినవారే. సింగిల్ లైన్ మీద బండ్లు నడిపే పద్ధతి గురించి మొదట ఆయన దగ్గరే విన్నాను. రెండు స్టేషన్ల మధ్య వుండే లైనుని బ్లాక్ సెక్షన్ అంటారు. అందులో ఒక సమయంలో ఒక్క బండే వుండాలి. స్టేషన్ మాస్టరు ఇనప గోళీలాంటి టోకెన్ తీసి, బేతపు రింగుకున్న సంచీలో పెట్టి డ్రైవరుకి అందిస్తాడు. రెండు స్టేషన్లలోని టోకెన్ మిషన్లకి కరెంటు తీగెతో లంకె వుంటుంది కాబట్టి ఒకటి బయట వుండగా రెండోది రాదు. "అల్లుడుగారూ, టోకెన్ చేతికి రాందే కలెక్టరుగారు బండిలో వున్నా కదిలేది కాదు" అనేవారు ఆయన.

ఆకాశంలో ఇలాంటి ఏర్పాటు రావడానికి చాలా కాలం పట్టింది. 1944లో అమెరికా వాళ్ళ ట్వంటీయెత్ బాంబర్ కమాండ్ హెడ్‌క్వార్టర్స్ ఈ ఖరగ్‌పూర్‌లోనే పెట్టారు. హిజ్లీ డిటెన్షన్ క్యాంపు భవనంలో వుండేది. 1951లో మన మొదటి ఐఐటి మొదలైంది కూడా ఆ భవనంలోనే. చుట్టూ చకూలియా, పియర్‌డోబా, దూధ్‌కుండీ, కలైకుండాల్లో బి-29 బాంబర్లకి రన్‌వేలు వేశారు. 1944 జూన్ 5న బ్యాంకాక్ మీద దాడికి ఈ ఎయిర్‌ఫీల్డుల నుంచి 98 విమానాలు లేచాయి. మబ్బుల్లో వరసలు చెదిరిపోయాయి. తిరిగొచ్చేటప్పుడు పెట్రోలు చాలక చాలా విమానాలు తమ చోటుకి కాకుండా దొరికిన చోట దిగాయి. ఎవరు ఎక్కడున్నారో కింద వాళ్ళకి తెలిసే దారి అంతంత మాత్రమే.

1965 సెప్టెంబర్ 7 సంగతి మన సంచికల్లో ఇంతకు ముందే వచ్చి వుంటుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఢాకా తేజ్‌గావ్ నుంచి పాకిస్తాన్ సేబర్ జెట్లు రాడార్‌కి అందకుండా బాగా కిందుగా వచ్చి కలైకుండా మీద పడ్డాయి. నేల మీదున్న మన విమానాలు దెబ్బతిన్నాయి. రెండోసారి వచ్చినప్పుడు మాత్రం ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్‌ఫ్రెడ్ కుక్, ఫ్లయింగ్ ఆఫీసర్ మమ్‌గాయిన్ హంటర్లతో అడ్డుకున్నారు. ఇద్దరికీ వీరచక్ర వచ్చింది. ఇక్కడ నేను గుర్తు చేయదల్చుకున్నది ఒకటే, ఆ "కిందుగా" అన్న మాట. ఈనాటి డ్రోన్ ఎగిరేది కూడా అక్కడే.

పెద్ద విమానాల విషయంలో మన దేశానికి కళ్ళు తెరిపించింది 1996 నవంబర్ 12. హర్యానాలో చర్ఖీ దాద్రీ పైన ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానం, ఢిల్లీకి దిగుతున్న కజక్ విమానం ఢీకొని 349 మంది పోయారు. సౌదీ విమానాన్ని 14 వేల అడుగుల దగ్గర, కజక్ విమానాన్ని 15 వేల దగ్గర వుండమన్నారు. కజక్ విమానం ఇంకా కిందికి దిగిపోయింది. అప్పటి ఢిల్లీ రాడార్ చుక్కలు చూపించేదే గాని వాటి ఎత్తు చెప్పేది కాదు. ఆ తర్వాతే వచ్చే విమానాలకీ పోయే విమానాలకీ దారులు విడదీశారు. తన పేరూ ఎత్తూ విమానమే చెప్పుకునే సెకండరీ రాడార్ పెట్టారు. ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టి పైలట్‌ని హెచ్చరించే పరికరం తప్పనిసరి చేశారు.

మరి డ్రోన్‌కీ ఆ పరికరాలే పెడితే సరిపోదా? సరిపోదు. అంత చిన్న వస్తువు మామూలు రాడార్‌లో పిట్టలాగే కనిపిస్తుంది. వేల డ్రోన్లు ఒక్కసారి పెద్ద విమానాల రేడియో ఫ్రీక్వెన్సీలో "నేనిక్కడ" అని అరవడం మొదలుపెడితే అసలు విమానాల గొంతు వినపడదు. అందుకే అమెరికాలో చిన్న డ్రోన్లు ఆ పద్ధతి వాడకూడదని నియమం పెట్టి, వాటికి వేరే గుర్తింపు సంకేతం ఏర్పాటు చేశారు. పైగా ఒక్కో డ్రోన్‌తో మాట్లాడ్డానికి కంట్రోల్ టవర్లో మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారు? నాసాలో పరిమళ్ కోపర్దేకర్ అనే భారతీయ మూలాలున్న ఇంజనీరు బృందం ఈ చిక్కు మీద పనిచేసి, మాటలు లేకుండా కంప్యూటర్లే ఒకదానితో ఒకటి సర్దుకునే పద్ధతి తయారుచేసింది. 2015 నుంచి 2019 దాకా నాలుగు దశల్లో పరీక్షించారు.

పద్ధతి ఏమిటంటే, డ్రోన్ ఎగరేసేవాడు ఎక్కడ, ఎంత ఎత్తులో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని ముందుగా పంపాలి. అది ఆకాశంలో ఒక గదిలాంటిది. ఇంకెవరైనా ఆ గది అడిగారా అని కంప్యూటర్ చూసి, ఖాళీ అయితే ఇస్తుంది. ఎగిరినంతసేపూ డ్రోన్ తన గుర్తింపూ, వున్నచోటూ చెబుతూ వుండాలి. మా మామగారి బ్లాక్ సెక్షనూ, టోకెనూ కాక ఇంకేమిటిది!

మన దేశంలో 2014 అక్టోబర్లో పౌరులు డ్రోన్లు ఎగరేయడమే ఆపేశారు. 2018 డిసెంబర్ నుంచి కొంత తెరిచారు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ అసలు మార్పు తెచ్చాయి. అక్టోబర్లో డ్రోన్ ట్రాఫిక్ విధానం కూడా ప్రకటించారు. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని విడదీశారు. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. పసుపులో ట్రాఫిక్ కంట్రోల్ వారినీ, ఎరుపులో కేంద్ర ప్రభుత్వాన్నీ అడగాలి. ఆ సెప్టెంబర్లోనే వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపే ప్రయోగం మొదలైంది. 2022 జూలైలో ఐఐటి హైదరాబాద్‌లో తిహాన్ అనే టెస్ట్‌బెడ్ ప్రారంభించారు. డ్రైవరు లేని బండ్లూ, డ్రోన్లూ రెండూ అక్కడ పరీక్షించొచ్చు.

మా పార్కులో షెడ్ల కప్పులూ, యార్డులో సరుకూ డ్రోన్‌తో చూస్తే నిచ్చెనలెక్కే బాధ తప్పుతుందని యాజమాన్యానికి ఆశ. పక్కనే కలైకుండా ఎయిర్ ఫోర్స్ స్టేషన్ వుంది. పటం చూడకుండా, అనుమతి కాగితం లేకుండా పెట్టె కూడా విప్పనివ్వనని చెప్పాను. కొందరు కుర్ర ఇంజనీర్లు చాదస్తం అనుకున్నారు. అనుకోనీండి.

ఇక కాగితం మీద టోకెన్ వుంటే చాలా అంటే, 2023 జూన్ 2 గుర్తు చేసుకోవాలి. మా ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే బహనాగా బజార్ స్టేషన్. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైన్ సిగ్నల్ పచ్చగా వుంది. పాయింటు మాత్రం లూప్ లైన్ వైపు వుంది. నిలబడివున్న గూడ్సుని గుద్దేసింది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ తీగెల్ని మార్చి కలిపినప్పుడు జరిగిన లోపమే కారణమని విచారణలో తేలింది. ఆ బండిలో మన తెలుగువాళ్ళు ఎప్పుడూ వుంటారు. ఆ రాత్రి ఈ వూళ్ళో ఎన్ని ఇళ్ళలో ఫోన్లు మోగాయో! డ్రోన్ల కంప్యూటర్ "గది ఖాళీ" అన్నప్పుడు అది నిజంగా ఖాళీయేనా అని చూసే ఏర్పాటు ఇంకొకటి వుండాలని నేను అనేది అందుకే. డ్రోన్ తనంతట తానే చూసి తప్పుకునే పరికరాల మీద పరిశోధనంతా దీనికోసమే.

టోకెన్ అడగకుండా వచ్చేవాడి సంగతి వేరు. 2021 జూన్ 27న జమ్మూ ఎయిర్ ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్లతో బాంబులు వేశారు. 2025 మే 8, 9 తేదీల మధ్య రాత్రి 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు వచ్చాయని మన ప్రభుత్వమే చెప్పింది. మా పాత ఎల్-70 గన్నులు మళ్ళీ పనికొచ్చాయని విని ఛాతీ పొంగింది. అయితే ఇప్పుడు సరిహద్దులో మన డ్రోన్లు కూడా అదే ఎత్తులో తిరుగుతున్నాయి. మా రోజుల్లో "వెపన్స్ హోల్డ్" అంటే ఆత్మరక్షణకి తప్ప కాల్చకూడదు, "వెపన్స్ టైట్" అంటే శత్రువని తేలితేనే కాల్చాలి, "వెపన్స్ ఫ్రీ" అంటే మనదని తేలనిదాన్ని కాల్చొచ్చు. ఈ ఆర్డర్లు ఇప్పటికీ పనికొస్తాయి. కాకపోతే అరచేతంత డ్రోన్ అర్ధరాత్రి వస్తే, అది ఎవరిదో గన్ దగ్గరున్న జవానుకి తేల్చుకోవడానికి దొరికేది కొన్ని సెకన్లే.