చీపురు నుండి సర్టిఫికెట్టు వరకు



శతవత్సర సంచికలో దేవాలయముల చరిత్ర, బోధకుల చరిత్ర వ్రాయువారు అనేకులున్నారు. నేను ఒక ఉద్యోగపు చదువును గూర్చి వ్రాయదలచాను. అది హెల్త్ ఇన్‌స్పెక్టరు చదువు. మురుగు ఎత్తుట ఒక కులమువారి పని అని నమ్మిన దేశములో, పారిశుధ్యము బడిలో నేర్చుకొనవలసిన విద్య అని చెప్పినది ఈ సర్టిఫికెట్టు.

లేవీయకాండము 14వ అధ్యాయములో యాజకుడు ఇంటిని పరీక్షించు విధము చూడండి. ఆయన రాకముందే ఇల్లు ఖాళీ చేయవలెను. పొడ కనబడిన యింటిని 7 దినములు మూయించి, మరల వచ్చి చూచి, చెడిన రాళ్లను ఊరి వెలుపల పారవేయించును. నేటి ఇన్‌స్పెక్టరు పని కూడ అదే తీరు: చూచుట, గడువిచ్చుట, మరల వచ్చి చూచుట. అయితే ఆ అధికారము అహరోను కుమారులకు పుట్టుకతో వచ్చినది. చదివి, పరీక్ష వ్రాసి దానిని పొందే పద్ధతి చాల కాలము తరువాత వచ్చినది.

1844లో ఇంగ్లండులోని లివర్‌పూలు పట్టణము థామస్ ఫ్రెష్ అనే ఆయనను ఇటువంటి పనికి నియమించినది. 1876లో అక్కడ శానిటరీ ఇన్‌స్టిట్యూటు ఏర్పడి, మరుసటి సంవత్సరమే ఇన్‌స్పెక్టర్లకు పరీక్షలు పెట్టినది. మన దేశములో సైనికుల ఆరోగ్యముపై 1859లో వేసిన రాయల్ కమిషను 1863లో నివేదిక ఇచ్చినది. దాని ఫలితముగా 1864లో కలకత్తా, బొంబాయిలతోపాటు మద్రాసులోను శానిటరీ కమిషను ఏర్పడినది. అప్పుడు మన పాలకొల్లు మద్రాసు రాజధానిలోనిదే.

పాలకొల్లు 1919లో మునిసిపాలిటీ అయినది. 1920లో జిల్లా మునిసిపాలిటీల చట్టము, 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టము వచ్చినవి. మంచినీరు, మురుగుకాలువలు, అంటువ్యాధులు, తీర్థములు, తిరునాళ్లు అన్నీ ఆ 1939 చట్టము క్రిందికి వచ్చినవి. అయితే మన పట్టణములలో తెల్లవారుజామున ఇద్దరు మనుష్యులు ఎదురుపడేవారు. ఒకరి చేతిలో మస్టరు పుస్తకము, మరొకరి చేతిలో చీపురు. మొదటివానికి సర్టిఫికెట్టు అర్హత. రెండవవానికి పుట్టుకే అర్హత అన్నట్లు లోకము నడిచినది.

ఆ సర్టిఫికెట్టు ఊరకే రాదు. ఒక్క ఉదాహరణ చెప్పెదను. బావి నీటిని శుద్ధి చేయుటకు ముందు బావి చుట్టుకొలత, లోతు కొలిచి నీరెంతో లెక్క కట్టవలెను. మామూలుగా 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కావలెను. కలిపిన తరువాత ఒక గంట ఆగి, లీటరుకు 0.5 మిల్లీగ్రాము క్లోరిను మిగిలినదా అని పరీక్షించవలెను. ఈ లెక్క తెలియనివాని చేతిలో ఆ పొడి సున్నముతో సమానము.

మన డెల్టాకు బోదకాలు పాత శత్రువు. దానిని వ్యాపింపజేయు క్యూలెక్సు దోమ మురుగునీటిలో పెరుగును. ఆ క్రిములు రాత్రివేళ రక్తములో కనబడును గనుక సిబ్బంది రాత్రిపూట ఇల్లిల్లు తిరిగి వ్రేలినుండి రక్తపు చుక్క తీసేవారు. 1955లో జాతీయ ఫైలేరియా నివారణ కార్యక్రమము మొదలైనది. దేశములోని మూడు ప్రాంతీయ ఫైలేరియా శిక్షణ కేంద్రములలో ఒకటి మన రాజమండ్రిలోనే ఏర్పడినది.

చదువు నేర్పు చోట్లు, అడుగు అర్హతలు మారుచు వచ్చినవి. 1926లో బొంబాయిలో పుట్టిన అఖిల భారత స్థానిక స్వపరిపాలన సంస్థ శానిటరీ ఇన్‌స్పెక్టరు డిప్లొమా నేర్పినది. 1954 ఆహార కల్తీ నిరోధక చట్టము క్రింద, తగిన శిక్షణ పొందిన శానిటరీ ఇన్‌స్పెక్టరుకు ఫుడ్ ఇన్‌స్పెక్టరయ్యే దారి ఉండెను. 1973లో కర్తార్ సింగ్ కమిటీ మలేరియా, మశూచి వంటి వేరువేరు పనుల సిబ్బందిని బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలుగా ఒకటి చేయమన్నది. 2006 ఆహార భద్రతా చట్టము 2011లో అమలుకు వచ్చినప్పుడు ఆహార తనిఖీకి డిగ్రీ కావలసివచ్చినది. 2019లో మన రాష్ట్రములో వచ్చిన వార్డు పారిశుధ్య కార్యదర్శి పోస్టుకు కూడ డిగ్రీయే అడిగారు. మెట్టు ఎత్తు పెరిగినది. క్రింద నిలిచినవారి బిడ్డలకు ఎక్కుట మరింత కష్టమైనది.

ఇది మనకు పరాయి సంగతి కాదు. చీపురు పట్టిన తలిదండ్రులు మన ఆరాధనలలో మన ప్రక్కనే కూర్చున్నారు. మానవ మలమును చేతితో ఎత్తించుటను నిషేధిస్తూ 1993లోను, 2013లోను చట్టములు వచ్చినవి. చట్టము ఆ పనిని ఆపగలదు గాని, ఆ యింటి బిడ్డను చదివించవలసినది మనమే.

యౌవనస్థులకు ఒక మాట. ఫీజు కట్టకముందే ఉద్యోగ ప్రకటనలో ఏ అర్హత అడిగారో చదవండి. ఆ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్టుకు మన ప్రభుత్వపు గుర్తింపు ఉన్నదో లేదో అడిగి తెలుసుకొనండి. పెద్దలారా, సంఘపు విద్యానిధిలో పదవ తరగతితో ఆగిపోయే బిడ్డకు డిగ్రీ వరకు సాయము చేయు ఏర్పాటు ఉండవలెను. ఉద్యోగము దొరికిన తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, మస్టరు పుస్తకము తెరచిన ప్రతి ఉదయము ఎదుట నిలిచినవారికి చేతి తొడుగులు, కాళ్లకు బూట్లు ఉన్నవో లేవో మొదట చూడండి. మీ చదువు వారికి ఉపయోగపడిన దినమున ఆ సర్టిఫికెట్టుకు పూర్తి విలువ వచ్చును.