స్వేదన జలమున దాగిన జ్వరము

ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో నరములోనికి మందు ఎక్కించుట వైద్యులకు భయము గొలుపు పనిగా ఉండెను. మందు ఎక్కిన గంటకో రెండు గంటలకో రోగికి వణకు పుట్టి, జ్వరము హఠాత్తుగా పెరిగెడిది. 1910లో సిఫిలిస్ రోగమునకు సాల్వర్సాన్ అను మందు అమ్మకమునకు వచ్చిన పిమ్మట ఈ చిక్కు మరింత బయటపడెను. కొందరు మందును తప్పుపట్టిరి. కొందరు రోగి శరీరతత్త్వమును. నీటిని అనుమానించినవారు తక్కువ. అది స్వేదన జలము గదా! ఆవిరి చేసి, చల్లార్చి పట్టిన నీటికన్న శుద్ధమైనది ఏమున్నది?

ఇంగ్లండులో హార్ట్, పెన్‌ఫోల్డ్ అను శాస్త్రజ్ఞులు 1911-12 ప్రాంతమున కుందేళ్లపై ప్రయోగములు చేసి, దోషము నీటిలోనే కలదనియు, అందు పెరిగిన సూక్ష్మజీవులే దానికి మూలమనియు చూపిరి. ఆ జీవులను కాచి చంపినను జ్వరకారకము నశింపలేదు. ఇంత స్పష్టముగ చెప్పినను వైద్యలోకము వారి మాటను పదేండ్లపాటు దాదాపు మరచెను. ఈ మరపు వలన ఎందరు రోగులు అనవసరముగ వణకిరో ఎవరు లెక్కింపగలరు?

ఆ ముడిని విప్పినది ఫ్లారెన్స్ సైబర్ట్. ఈమె 1897లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించెను. మూడవ ఏట పోలియో సోకి కుంటినడక మిగిలెను. యేల్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచు, కుందేళ్లకు ప్రోటీనులను ఎక్కించినపుడు వచ్చు జ్వరమును పరిశీలించెను. ప్రోటీను లేకుండ వట్టి స్వేదన జలము ఎక్కించినను కొన్ని పర్యాయములు జ్వరము వచ్చెను. కొన్ని పర్యాయములు రాలేదు. ఈ తేడాయే ఆమెకు దారి చూపెను. జాగ్రత్తగా పట్టి వెంటనే వాడిన నీరు నిరపాయము. సూక్ష్మజీవులు చేరి నిలువయున్న నీటిని మరల కాచినను జ్వరము తప్పలేదు. అట్టి నీటిని మరల స్వేదనము చేసినను ఒక్కొక్కప్పుడు దోషము పోలేదు. ఏల?

నీరు తీవ్రముగ మరగునపుడు ఆవిరితోపాటు కంటికి కానరాని తుంపరలు ఎగిరి అవతలి పాత్రలో పడును. మైలుతుత్తము కలిపిన నీటిని ఉధృతముగ మరగించినపుడు, పట్టిన నీటికి లేత నీలిరంగు అంటుట మన ఉపాధ్యాయులలో కొందరు చూచియే యుందురు. సైబర్ట్ ఆ తుంపరలను అడ్డగించు ఏర్పాటును స్వేదన యంత్రమునకు అమర్చెను, జ్వరము ఆగిపోయెను. ఈ ఫలితములు 1923లో వెలువడెను. నేడు మాంటూ పరీక్షలో వాడు శుద్ధమైన క్షయ ట్యూబర్‌క్యులిన్‌ను సిద్ధపరచినదియు ఈమెయే.

జ్వరకారకము అనగా, కొన్ని జాతుల బాక్టీరియాల బయటిగోడలో నుండు ఒక కొవ్వు-చక్కెర సమ్మేళనము. దీనిని ఎండోటాక్సిన్ అందురు. జీవి చచ్చినను గోడ ముక్కలు మిగులును. ఇవి ఆటోక్లేవు వేడికి లొంగవు. 250 డిగ్రీల పొడివేడి అరగంట కావలెను. పాత్రలను అట్లు కాల్చవచ్చును గాని నీటిని కాల్చలేము గదా!

1942లో అమెరికా ఔషధసంహిత కుందేటి పరీక్షను అంగీకరించెను. మూడు కుందేళ్ల చెవినరములో ద్రవమును ఎక్కించి, మూడు గంటలు ఉష్ణోగ్రత చూతురు. ఒక సీసా నీటి మంచిచెడ్డలకు మూడు మూగప్రాణులు సాక్ష్యము పలుకవలసి వచ్చెను. 1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ గుర్రపునాడా పీత రక్తము బాక్టీరియా సోకినపుడు గడ్డకట్టుట గమనించెను. ఇది నిజమైన పీత కాదు. సాలెపురుగులకు, తేళ్లకు దగ్గరి చుట్టము, దాని రక్తము నీలము. బ్యాంగ్, జాక్ లెవిన్ కలిసి ఆ రక్తకణముల సారముతో పరీక్షను రూపొందించిరి. సూదిమందు నీటికి నేటి హద్దు మిల్లీలీటరుకు 0.25 యూనిట్లు, అనగా గ్రాములో నూరుకోట్లవ వంతులో సుమారు నలుబదవ వంతు. దానినిగూడ ఆ సారము పసిగట్టును.

బ్రతికియున్న జీవుల లెక్క వేరుగ తీయవలెను. 100 మిల్లీలీటర్ల నీటిని సన్నని పొరగుండ వడగట్టి, ఆ పొరను ఆగార్ పై నుంచి పెంచుదురు. సూదిమందు నీటిలో పది సమూహములు దాటరాదు. పోషకములు మిక్కిలి తక్కువగానున్న నీటికి అలవాటుపడిన ఈ జీవులు మెల్లగ పెరుగును. లెక్కకు ఐదు దినములైనను పట్టును. ఈలోగా ఆ నీరు మందై సీసాలలో చేరియే యుండును. లెక్క తేలువరకు ఆ సీసాలు గిడ్డంగిలో వేచియుండవలెను.