టెర్రస్ మీద నీటి తొట్టి: ఒక హోటల్ గాలి చరిత్రను ఎలా మార్చింది?

ఈ ఎపిసోడ్‌లో యుద్ధాలు లేవు, రాజులు లేరు. ఒక ఏసీ సిస్టమ్ ఉంది. దాన్ని ఎవరు కడిగారు, ఎవరు కడగలేదు అన్నదే కథ. బోర్ కొడుతుందేమో అనుకోకండి, ఈ కథలో 34 మంది చనిపోయారు.

1976 జులై. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్లు. స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన ఫిలడెల్ఫియాలో ఊరంతా పండగే. అక్కడ బెల్వ్యూ స్ట్రాట్‌ఫర్డ్ అని ఒక పెద్ద హోటల్, 1904లో కట్టింది. జులై 21 నుంచి 24 వరకు అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం పెన్సిల్వేనియా శాఖ అక్కడ సదస్సు పెట్టుకుంది. 2,000 మందికి పైగా వచ్చారు. తిన్నారు, పాత కబుర్లు చెప్పుకున్నారు, ఇళ్లకు వెళ్లిపోయారు.

మూడు రోజులకే, అంటే జులై 27న, వాళ్లలో ఒకాయన చనిపోయారు. ఆ తర్వాత ఇంకొకరు, మరొకరు. అందరికీ ఒకటే లక్షణాలు: విపరీతమైన జ్వరం, దగ్గు, న్యుమోనియా. యుద్ధం నుంచి బతికి వచ్చినవాళ్లు హోటల్లో నాలుగు రోజులు ఉండి వచ్చి పోవడం ఏమిటి? దేశమంతా వణికిపోయింది. స్వైన్ ఫ్లూ అన్నారు. విషప్రయోగం అన్నారు. నికెల్ విషం అన్నారు. ఏదీ తేలలేదు. చివరికి లెక్క తేలేసరికి 221 మంది జబ్బుపడ్డారు, 34 మంది పోయారు.

ఇక్కడ ఒక క్లూ చూడండి. జబ్బుపడ్డవాళ్లలో కొందరు అసలు హోటల్ లోపలికే వెళ్లలేదు. ముందున్న బ్రాడ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద నడిచారు, అంతే. అంటే తిండి కాదు. మనిషి నుంచి మనిషికి అంటుతోందా అంటే, ఇంట్లో వాళ్లను చూసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. మరి మిగిలింది? గాలి.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నెలల తరబడి వెతికింది. ఏమీ దొరకలేదు, తిట్లు మాత్రం బాగా పడ్డాయి. నవంబర్‌లో హోటల్‌కి గిరాకీ లేక మూసేశారు. క్రిస్మస్ సెలవుల్లో జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త, మనసు ఒప్పక, తను ఇంతకుముందే చూసి పక్కన పెట్టేసిన స్లైడ్లను మళ్లీ మైక్రోస్కోప్ కింద పెట్టారు. ఒక మూల గుంపుగా ఉన్న బ్యాక్టీరియా కనిపించింది. మామూలుగా ల్యాబుల్లో వాడే పద్ధతుల్లో అది పెరగదు, అందుకే అందరి కళ్లూ కప్పింది. 1977 జనవరి 18న ప్రకటించారు. తర్వాత దానికి లీజియోనెల్లా అని పేరు పెట్టారు, చనిపోయిన ఆ లీజియన్ సభ్యుల పేరు మీదనే.

ఇది ఎక్కడ పెరుగుతుంది? సెంట్రల్ ఏసీ ఎలా పనిచేస్తుందో తెలిస్తే అర్థమైపోతుంది. భవనం లోపలి వేడిని నీళ్లు మోసుకుని టెర్రస్ మీదికి వెళ్తాయి. అక్కడ కూలింగ్ టవర్‌లో ఆ నీళ్లు జల్లులా పడుతుంటే, పెద్ద ఫ్యాన్ గాలి లాగుతుంది. కొంత నీరు ఆవిరై మిగతాది చల్లబడుతుంది. కానీ సన్నటి తుంపర కూడా బయటికి ఎగురుతుంది. తొట్టిలో పాచి, తుప్పు, బురద ఉంటే, నీళ్లు గోరువెచ్చగా ఉంటే, అంటే సుమారు 20 నుంచి 45 డిగ్రీల మధ్య, బ్యాక్టీరియాకి అది అత్తారిల్లే. ఆ తుంపర వీధిలో పడొచ్చు, లేదా తాజా గాలి లోపలికి లాగే చోటు నుంచి తిరిగి గదుల్లోకే రావొచ్చు. ఫిలడెల్ఫియాలో అనుమానం కూలింగ్ టవర్ మీదే, కానీ నూటికి నూరు శాతం రుజువు కాలేదు.

నన్ను నిజంగా ఆపేసింది మాత్రం దీనికి ముందు కథ. 1968లో మిచిగన్‌లోని పాంటియాక్‌లో 144 మందికి ఒకేసారి జ్వరాలొచ్చాయి. ఎక్కడో తెలుసా? ఆరోగ్య శాఖ ఆఫీసులోనే! పరిశోధించడానికి వచ్చినవాళ్లు కూడా జబ్బుపడ్డారు. ఏసీ పరికరం నీటి తుంపర లీకై గాలి డక్టుల్లోకి వెళ్తోందని తేలింది. ఎవరూ చనిపోలేదు. ఏ క్రిమో తెలియలేదు. రక్తం శాంపిళ్లు మాత్రం దాచిపెట్టారు. 1977లో వాటిని పరీక్షిస్తే, అదే లీజియోనెల్లా. అంటే హెచ్చరిక ఎనిమిదేళ్ల ముందే వచ్చింది.

మరి ఆ తర్వాత అందరూ నేర్చుకున్నారా? 2002లో ఇంగ్లండ్‌లోని బారో ఇన్ ఫర్నెస్‌లో, మున్సిపల్ కౌన్సిల్ నడిపే ఒక కళాకేంద్రం ఏసీ నుంచి ఇదే జబ్బు వచ్చింది. ఏడుగురు పోయారు. ఆ నీళ్లను శుభ్రంగా ఉంచే కాంట్రాక్టు అంతకుముందే ఆగిపోయింది. కౌన్సిల్‌కు 1,25,000 పౌండ్ల జరిమానా పడింది. 2015లో న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లో ఓ హోటల్ కూలింగ్ టవర్ నుంచి వ్యాపించి కనీసం 12 మంది పోయారు. అప్పటికి ఆ నగరంలో కూలింగ్ టవర్లు ఎన్ని ఉన్నాయో లిస్టే లేదు! ఆ ఆగస్టులోనే చట్టం వచ్చింది: ప్రతి టవర్ రిజిస్టర్ చేయాలి, వాడకంలో ఉన్నప్పుడు మూడు నెలలకోసారి తనిఖీ చేయించాలి, ఏటా సర్టిఫికెట్ ఇవ్వాలి. అయినా 2025లో హార్లెమ్‌లో మళ్లీ ఏడుగురు చనిపోయారు.

నాకు అర్థమైంది ఇదే. కడిగే పని సరిగ్గా జరిగితే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే, 'ఈ ఖర్చు ఎందుకు?' అని ఎవరో అడుగుతారు. ముందు కోత పడేది అక్కడే. చట్టం పుస్తకంలో ఉంటుంది, పాచి తొట్టిలో ఉంటుంది. ఈ రెంటి మధ్య నిలబడేది బ్రష్, మందు డబ్బా, లాగ్‌బుక్ పట్టుకుని ఎండలో టెర్రస్ ఎక్కే మెయింటెనెన్స్ మనిషి. ఫిలడెల్ఫియా చరిత్రలో మెక్‌డేడ్ పేరు ఉంది. ఆ మనిషి పేరు ఎక్కడా ఉండదు.

భయపడకండి, మీ ఇంట్లో స్ప్లిట్ ఏసీకి ఇలాంటి టవర్ ఉండదు. కానీ హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో పెద్ద మాల్‌లో, ఆసుపత్రిలో, ఐటీ ఆఫీసులో చల్లగా కూర్చున్నప్పుడు ఒక్కసారి పైకి చూడండి. అక్కడ కూలింగ్ టవర్ ఉండొచ్చు. మీ ఆఫీసులో అడిగే అవకాశం ఉంటే ఒక్క ప్రశ్న అడగండి: "చివరిసారి ఎప్పుడు కడిగారు, నీళ్లు ఎప్పుడు టెస్ట్ చేశారు?" తేదీతో జవాబు వస్తే సంతోషం. నసుగుడు వస్తే, మళ్లీ అడగండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.