చేలోకి తుపాకీ ఎలా వచ్చింది

అడవి అంచు పల్లెల్లో మంచె, వడిసెల, డప్పు ఉంటే చేను కాయడానికి చాలిన రోజులున్నాయి. పిట్టలకు వడిసెల రాయి, పందులకు రాత్రంతా కేకలూ మంటలూ. తుపాకీ ఆ వరుసలో చివర చేరింది. దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చింది మాత్రం సేద్యం కాదు, పిట్టల వేట.

పాత చెకుముకి తుపాకీలో మీట నొక్కగానే పక్కనున్న చిన్న పళ్లెంలో మందు భగ్గుమనేది. ఆ తరవాత గాని గుండు బయటికొచ్చేది కాదు. ఆ మెరుపుకే పిట్ట లేచిపోయేది. స్కాట్లండ్‌లోని బెల్‌హెల్వీ ఊరి పాదిరి అలెగ్జాండర్ ఫోర్సైత్‌కు బాతుల వేటంటే ఇష్టం. దెబ్బ తగిలితే పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు పొందాడు. ఆ రసాయనం నింపిన చిన్న రాగి టోపీ ఆ దారిలో వచ్చిందే. మనవైపు భర్మార్ అనే తుపాకీ ఆ తరానిది. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు కూరి, గుళ్లు వేసి, మళ్లీ పీచుతో బిగించి, టోపీ పెట్టాలి. మొదటి దెబ్బ తప్పితే ఇదంతా మళ్లీ చేసేదాకా పంది ఆగదు.

ఆ గుళ్లను గుండ్రంగా పోసే పద్ధతికి పుట్టిల్లు ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్. విలియం వాట్స్ అనే సీసం పనివాడు 1782లో పేటెంటు తీసుకున్నాడు. కరిగిన సీసాన్ని జల్లెడలోంచి ఎత్తునుంచి వదిలితే గాలిలోనే గుండ్రబడి, కింద నీళ్ల తొట్టిలో పడి చల్లారుతుంది. ఆ ఎత్తు కోసం తన ఇంటిమీదే గోపురం లేపాడు. గుళ్లకు నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. పిట్టలకు వాడే ఎనిమిదో నంబరుతో పందిని కొడితే అది చావదు, గాయంతో మనిషి మీదికే వస్తుంది. దానికి ఎస్‌జీ లాంటి లావు గుళ్లే. రైఫిలు గుండు మైలు దాటి పోగలదు. నున్న గొట్టం గుళ్లు అంత దూరం పోవు. చుట్టూ మనుషులు మసిలే చేలల్లో ఈ తేడాయే ప్రాణాలు కాపాడుతుంది.

1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేని తుపాకీ నేరమైంది. స్వతంత్రం వచ్చాక చేసిన 1959 చట్టం, 13వ సెక్షన్‌లో, పంట కాపలాకు మూతిలోంచి మందు కూరే తుపాకీని పేరుపెట్టి చెప్పింది. అది చాలదని అధికారి నమ్మితేనే వేరే నున్న గొట్టం తుపాకీ. అంటే రైతుకు చట్టం ముందుగా చూపింది ఫోర్సైత్ నాటి పరికరాన్నే. జాగ్రత్తగా ఆలోచించి రాసిన మాటే గాని, మందలుగా దిగే పందుల ముందు అది చాలదు.

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక లైసెన్సు ఒక్కటే సరిపోదు. నిలిచిన పంటకు ముప్పుంటే పందిని కాల్చేందుకు 11వ సెక్షన్ కింద అనుమతి ఇవ్వవచ్చు. అయితే ఆ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. నెమలికి ఆ వెసులుబాటు లేదు. అనుమతి ఆలస్యమైందని కంచెకు కరెంటు పెడుతున్నవారున్నారు. ఆ తీగకు పందీ పక్కచేను మనిషీ ఒకటే. అనుమతి కోసం అటవీ అధికారుల వెంట పడండి, ఊరంతా కలిసి అడగండి. తీగకు మాత్రం కరెంటు పెట్టకండి.