కొద్దిమంది కొనే పుస్తకం

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం నుంచి అశోక్‌నగర్ వీధుల్లోకి నడిస్తే, తెలుగు పుస్తకం అమ్ముడుపోదన్న మాట ఎంత అబద్ధమో తెలుస్తుంది. శిక్షణ సంస్థల ముందు, జిరాక్సు దుకాణాల గుమ్మాల దగ్గర, గ్రూప్స్ పరీక్షలకు చదివేవారి కోసం చరిత్ర, ఆర్థికం, భూగోళం గుట్టలుగా పేర్చివుంటాయి. 2015లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ తన పాఠ్యప్రణాళికలో తెలంగాణ ఉద్యమ చరిత్రను ప్రత్యేక పత్రంగా చేర్చింది. ఆ ఒక్క నిర్ణయంతో కొత్త అంగడి ఒకటి వెలిసింది. ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో అచ్చువేసేవాడికి ముందుగానే తెలుసు.

ఆ వీధికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న మా ఇంట్లో మాత్రం, మంచం కింద, మా నాన్నగారి పుస్తకం ప్రతులు 400 పైచిలుకు పడివుండేవి. కట్ట, తూము, అలుగు, ఆయకట్టు, నీరడి - ఇలా చెరువు చుట్టూ అల్లుకున్న తెలంగాణ పలుకుబడిని ఆయన ముప్ఫై ఏళ్ళు సేకరించారు. ఆయన పోయాక, 2011లో, నారాయణగూడలోని ఒక చిన్న ముద్రణాలయంలో 500 ప్రతులు వేయించాను. త్యాగరాయ గానసభలో ఆవిష్కరణ జరిగింది. వక్తలు చాలాసేపు మాట్లాడారు. ఆ సాయంత్రం అమ్ముడుపోయినవి 17. ఒక దుకాణానికి 40 శాతం తగ్గింపు మీద 50 ప్రతులిస్తే, డబ్బూ రాలేదు, ప్రతులూ తిరిగి రాలేదు.

ఇలాంటి పుస్తకాలను మన పెద్దలు ఎలా అమ్మారన్న ప్రశ్న అప్పుడు పట్టుకుంది.

1906లో కొమర్రాజు వెంకటలక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు ఈ హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. వారి తొలి ప్రచురణ గాడిచర్లవారు రాసిన అబ్రహాం లింకను చరిత్ర. ఆనాటి నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ, చదువు కొద్దిమందిది. ఆ కొద్దిమందిలోనూ తెలుగులో లింకను గురించి, పదార్థ విజ్ఞానం గురించి చదవాలనుకునేవారు ఎందరుంటారు? అయినా మండలి నిలదొక్కుకుంది. కారణం చందాదారుల పద్ధతి. పుస్తకం అచ్చుకాకముందే దాన్ని తీసుకునేవారి పేర్లు మండలి చేతిలో ఉండేవి. ఊళ్ళు వేరైనా, ఒకరికొకరు తెలియకపోయినా, ఆ జాబితాలో వారంతా ఒక సంఘం. తపాలా వారిని కలిపింది. మండలి తరవాత మద్రాసుకు తరలిపోయింది కానీ ఆ పద్ధతికి పురుడు పోసింది మాత్రం ఈ నగరమే.

1938లో సికిందరాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించిన వట్టికోట ఆళ్వారుస్వామిది మరో దారి. ఆయన పుస్తకాలను తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. అమ్మడమంటే ఆయనకు పాఠకుణ్ణి వెదికి పట్టుకోవడం. తరవాతి తరంలో, మచిలీపట్నంలో పుట్టిన ఎమెస్కోవారు ఇంటింటా సొంత గ్రంథాలయం అన్న పథకంతో మళ్ళీ చందాదారుల దారినే పట్టారు. ముగ్గురి పద్ధతులూ వేరు, సూత్రం ఒకటే: పుస్తకం కంటె ముందు పాఠకుడి చిరునామా.

అంతర్జాలం వచ్చాక ఈ సూత్రం అక్కరలేదనుకున్నాం. నేనూ అనుకున్నాను. మన తొలి బ్లాగర్లలో ఒకరైన చావా కిరణ్ 2010లో ప్రారంభించిన కినిగె, ఈ-పుస్తకాలను అమ్మడమే కాక అద్దెకూ ఇచ్చింది. దేశాంతరంలో ఉన్న తెలుగువాడికి అది చిన్న వరం కాదు. మన ముద్రణాలయాల్లో అను ఖతులతో కూర్చిన పుటలు యూనికోడులోకి తేలికగా ఒదగవు. ఆ చిక్కులన్నీ తెలిసినవాళ్ళు పెట్టిన అంగడి అది. పెద్ద అంగళ్ళకు మనమీద ఆ శ్రద్ధ లేదు. 2016లో అమెజాన్ కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు చోటిచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాష కూడా ఆ లెక్కల్లో చిన్న అంగడే.

నా పుస్తకాన్నీ జాలంలో పెట్టాను. ఏడాదిలో 9 ప్రతులు పోయాయి. చూసేవారికి వీలు కలిగిందే తప్ప, చూడవలసినవారికి కబురు అందలేదు. అప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుని పేర్లు రాయడం మొదలుపెట్టాను: విశ్రాంత నీటిపారుదల ఇంజనీర్లు, మాండలికాలపై పరిశోధన చేసేవారు, చెరువుల గురించి పత్రికల్లో ఉత్తరాలు రాసేవారు. ఒక్కొక్కరికి విడిగా ఈ-లేఖ రాశాను. 2015లో మిషన్ కాకతీయ మొదలై, పూడిక తీయడం ఊరూరా మాటయ్యాక, ఆ ఇంజనీర్లు తమ మిత్రుల చిరునామాలు పంపారు. నాలుగేళ్ళలో మంచం కింద చోటు ఖాళీ అయింది. ఒక పెద్దాయన తన జిల్లాలో వాడుకలో ఉన్న ఇరవై మాటలు చేర్చి పంపారు. నాన్నగారు బతికివుంటే ఆ ఉత్తరాన్ని పుస్తకం కంటె భద్రంగా దాచుకునేవారు.

అయితే ఈ కథలో అంతర్జాలం సగమే. మిగతా సగం తపాలా. 5 కిలోల పుస్తకాలను సుమారు 80 రూపాయలకు దేశంలో ఏ మూలకైనా చేర్చిన రిజిస్టర్డ్ బుక్ పోస్టు సదుపాయాన్ని 2024 డిసెంబరులో తపాలాశాఖ ఎత్తివేసింది. పెద్ద వ్యాపారికి అది లెక్కలోకి రాని మార్పు. వంద రూపాయల పుస్తకాన్ని ఒక్కొక్కటిగా పంపేవాడికి అది నడుము విరగడమే. కొద్దిమందికి అమ్మేవారికి వెబ్‌సైటు ఎంత అవసరమో, చవక తపాలా కూడా అంతే అవసరం. విజ్ఞానచంద్రిక నాటి నుంచీ ఉన్న సంగతే ఇది.

ఆ ఇరవై మాటలతో రెండో ముద్రణ వేయాలని ఉంది. ఈసారి ముందు అచ్చువేయను. నోటుపుస్తకంలో ఇప్పటికి 312 పేర్లున్నాయి. తపాలా ఖర్చు దాచకుండా చెప్పి, కావాలన్నవారి పేరు పక్కన గుర్తు పెట్టుకుని, ఎన్ని గుర్తులుంటే అన్ని ప్రతులే. అశోక్‌నగర్ వీధిలో అమ్మే పరీక్షల పుస్తకాల్లో ఆళ్వారుస్వామి పేరు కనబడుతుంది. ఆ పుస్తకాలు కొనే పిల్లలు ఆ పేరుతో పాటు ఆయన మోసిన మూటను కూడా గుర్తుంచుకుంటే బాగుండును.