గని లేని తీరంలో ఉక్కు కర్మాగారం

మన దేశంలో సముద్రపు ఒడ్డున కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం విశాఖపట్నానిది. అంతకు ముందు వెలసిన జంషెడ్‌పూర్, భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్, బొకారో కర్మాగారాలన్నీ లోతట్టు ప్రాంతాలవే. ఇనుప గనులకో, బొగ్గు గనులకో, రెండింటికీ నడుమనో వాటికి చోటు చూశారు. అందుకు కారణం బరువు. టన్ను ఉక్కు తయారు కావాలంటే టన్నున్నరకు పైగా ఖనిజం, ముప్పావు టన్నుకు అటూ ఇటూగా బొగ్గు, దానికి తోడు సున్నపురాయి, డోలమైటు కావాలి. తయారీలో బరువు తగ్గిపోయే సరుకును దూరం మోయడం దండగ కాబట్టి కర్మాగారమే గని దగ్గరకు వెళ్లాలని జర్మన్ ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ వెబర్ 1909లోనే సిద్ధాంతీకరించాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ ఈ లెక్కను తిరగరాసింది. ఖనిజమూ బొగ్గూ రెండూ కొరతైన ఆ దేశం రేవుల్లోనే కొలుములు కట్టింది. పెద్ద ఓడలో వచ్చే సరుకుకు టన్నుకు పడే ఖర్చు రైలు రవాణా కంటే ఎంతో తక్కువ. భారతదేశానికి కూడా ఈ వాదన వర్తించింది. ఇక్కడి కోకింగ్ కోల్‌లో బూడిద పాలు ఎక్కువ. మేలు రకం బొగ్గు ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి రావలసిందే. ఎలాగూ ఓడలో వచ్చే బొగ్గును మళ్లీ రైలెక్కించి వందల మైళ్లు లోపలికి తీసుకుపోవడం కంటే రేవు పక్కనే వాడుకోవడం మేలు.

విశాఖకు ఆ రేవు ముందే ఉంది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున కట్టిన లోపలి హార్బరు 1933లో మొదలైంది. ఆ తర్వాత 1960లలో బస్తర్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి, జపాన్ సహకారంతోనే, కొత్తవలస నుంచి కిరండోల్ వరకు అనంతగిరి కొండల మీదుగా రైలు మార్గం వేశారు. సుమారు 450 కిలోమీటర్ల ఆ దారి బస్తర్ కొండల్లోని మేలైన ఖనిజాన్ని నేరుగా తీరానికి దించింది. పరాయి దేశపు కొలుముల కోసం వేసిన ఆ దారే విశాఖ వాదనకు అన్నిటికంటే పెద్ద బలమైంది.

దక్షిణాదిలో ఉక్కు కర్మాగారం ఎక్కడన్న ప్రశ్న మీద పోటీ గట్టిగానే నడిచింది. మైసూరు రాష్ట్రం హోస్పేటను, మద్రాసు రాష్ట్రం సేలంను ముందుకు తెచ్చాయి. బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం 1965లో విశాఖపట్నమే అనువైనదని నివేదించింది. నిపుణుల మాట అలా ఉన్నా, నిధుల కొరత పేరుతో కేంద్రం వెనకాడింది. 1966 అక్టోబరులో కర్మాగారం కోరుతూ ఉద్యమకారుడు టి.అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం రాష్ట్రమంతటా మార్మోగింది. పోలీసు కాల్పుల్లో, ఆందోళనల్లో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. స్థల నిర్ణయాలు కాగితాల మీద ఎన్ని లెక్కలతో జరిగినా, ఈ కర్మాగారాన్ని సాధించింది మాత్రం ఆ ప్రాణత్యాగాలే.

1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరా గాంధీ పార్లమెంటులో విశాఖపట్నం, హోస్పేట, సేలం మూడింటికీ కర్మాగారాలు ప్రకటించారు. పోటీదారులందరికీ తలా ఒకటి ఇవ్వడంతో రాజకీయంగా చిక్కు తీరింది గాని, ఉన్న కొద్దిపాటి పెట్టుబడిని మూడుచోట్లకు పంచడమంటే మూడూ ఆలస్యం కావడమే. సేలంలో చివరికి స్టెయిన్‌లెస్ స్టీలు రోలింగ్ మిల్లు వచ్చింది. హోస్పేట ప్రాంతపు కర్మాగారం 1990లలో ప్రైవేటు రంగంలో లేచింది. విశాఖలో 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత పదేళ్లు దాటినా పునాదిరాయి పునాదిరాయిగానే ఉండిపోయింది.

ఆ ఆలస్యం వెల సామర్థ్యం లెక్కల్లో కనిపిస్తుంది. 1979 జూన్‌లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరినప్పుడు ఏడాదికి 34 లక్షల టన్నుల ద్రవ ఉక్కు లక్ష్యం. 1982 ఫిబ్రవరి 18న కర్మాగారాన్ని నడిపే సంస్థగా రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. ధరలు పెరుగుతూ, నిధులు చాలక, 1986లో ప్రణాళికను కుదించారు. ద్రవ ఉక్కు 30 లక్షల టన్నులకు, అమ్మకానికి వచ్చే ఉక్కు 26.56 లక్షల టన్నులకు తగ్గింది. బ్లాస్ట్ ఫర్నేసులు మాత్రం రెండూ 3,200 ఘనపు మీటర్లవే. కొలిమిని సగం కట్టడం కుదరదు. ఉక్కు పరిశ్రమలో సామర్థ్యం మెట్లు మెట్లుగానే పెరుగుతుంది. ఒక్కో మెట్టుకు వేల కోట్లు ముందే పెట్టాలి, ఫలితం ఏళ్ల తర్వాత వస్తుంది. కరిగిన ఇనుము ఉక్కుగా మారగలిగిన దానికంటే ఎక్కువ వస్తే, మిగిలింది పోత ఇనుముగా తక్కువ విలువకు అమ్ముకోవాలి. విశాఖ ప్రణాళికలోనే అలాంటి మిగులు 5.56 లక్షల టన్నులు.

భూమి విషయంలో ముందుచూపు ఉంది. భవిష్యత్తు విస్తరణకు కూడా సరిపోయేలా సుమారు 22 వేల ఎకరాలు సేకరించారు. అందుకు 60కి పైగా గ్రామాల ప్రజలు ఊళ్లు వదిలారు. ఆ నిర్వాసితుల్లో ఆర్ కార్డు (పునరావాస కార్డు) చేతబట్టుకొని ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. స్థల ఎంపిక చరిత్ర రాసేవారు ఈ లెక్కను వదిలేస్తే ఆ చరిత్ర సగమే అవుతుంది. నీరు కూడా దగ్గర లేదు. ఏలేరు జలాశయం నుంచి 153 కిలోమీటర్ల కాలువ తవ్వి కణితి జలాశయానికి తెచ్చారు. సున్నపురాయి జగ్గయ్యపేట నుంచి, డోలమైటు ఖమ్మం జిల్లా మాదారం నుంచి వస్తాయి. రెండూ సంస్థ సొంత గనులే.

‘గోదావరి’ అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో, ‘కృష్ణ’ 1992లో వెలిగాయి. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అప్పటికి నిర్మాణ వ్యయం సుమారు 8,500 కోట్ల రూపాయలకు చేరింది. దాని మీది వడ్డీ భారమే తొలి దశాబ్దపు నష్టాలకు ప్రధాన కారణం. 2000 తర్వాత ఉత్పత్తి నిర్ణీత సామర్థ్యాన్ని దాటింది, ఉక్కు ధరలు కలిసివచ్చాయి, పేరుకుపోయిన నష్టాలు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో విస్తరణకు శంకుస్థాపన జరిగింది. 2012లో 3,800 ఘనపు మీటర్ల మూడో ఫర్నేసు ‘అన్నపూర్ణ’ వచ్చింది. సామర్థ్యం 63 లక్షల టన్నులకు, ఆధునికీకరణతో 73 లక్షల టన్నులకు పెరిగింది. గోడ పక్కనే గంగవరం రేవు కూడా లేచింది.

ఇన్ని సమకూరినా ఇనుప ఖనిజానికి సొంత గని మాత్రం ఎన్నడూ దక్కలేదు. లోతట్టు ప్రభుత్వ కర్మాగారాలు తమ గనుల నుంచి తవ్వకపు ఖర్చుకు దగ్గరగా ఖనిజం పొందుతుంటే, విశాఖ మొదటి నుంచీ మార్కెట్ ధరకే కొంటోంది. తీరం ఎంపికలో రవాణా లెక్క సరిగానే వేశారు. ఖనిజం ధర ఎవరి చేతిలో ఉంటుందన్న లెక్క మాత్రం వేయలేదు. ఖనిజం చవకగా ఉన్నన్నాళ్లు ఆ లోటు తెలియలేదు. సామర్థ్యం రెండింతలకు పైగా పెరిగి, విస్తరణ అప్పులు మీద పడ్డాక అదే లోటు కర్మాగారాన్ని కుంగదీసింది. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు ఆమోదం తెలిపింది. కార్మికులు ఏళ్ల తరబడి ప్రతిఘటించారు. 2024లో ముడిసరుకు, మూలధనం చాలక మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడిచిన రోజులున్నాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఆ ప్యాకేజీలో ఇనుప గని కేటాయింపు లేదు.